ఊపిరి సంచి

సోమవారం

అన్నయ్య ఇంకా లేవలేదు.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. చేతులకి ఏదో ఒక పని ఉండాలి. హెర్నియా ఆపరేషన్, అంతే. గాజు ఊదేవాళ్ళకి అది జలుబులాంటిది. కుర్రతనం నుంచీ పొట్ట బిగబట్టి గొట్టం ఊదీ ఊదీ, ఎప్పుడో ఒకప్పుడు పేగు బయటికి తోసుకొస్తుంది. మా మామగారు ఇదే ఆపరేషనులో బల్ల మీదే పోయారు. అప్పటి నుంచి మా వీధిలో ఎవరూ కత్తి దగ్గరికి వెళ్ళలేదు, బెల్టు బిగించుకుని లాగించేస్తున్నారు. అన్నయ్యకి ఆ బెల్టుతో కూడా కుదరలేదు. "మధ్యాహ్నం అన్నానికి వచ్చేస్తానే" అని వదినతో చెప్పి లోపలికి వెళ్ళాడు.

మధ్యాహ్నం దాటిపోయింది.

మత్తు డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న మనిషి, నా భుజం దాకా ఉంటుంది.

"ఆపరేషన్ బాగా అయింది. కానీ తనంతట తాను ఊపిరి తీసుకోవడం లేదు. మెషిన్ ఇస్తోంది."

"అంటే?" అంది వదిన.

"అంటే ఆగాలి."

"ఎంతసేపు?"

"తెలీదమ్మా. ఎంతసేపైనా నేను పక్కనే ఉంటాను."

తెలీదని చెప్పే డాక్టరును నేను ఇంతవరకూ చూడలేదు. అన్నిటికంటే ఆ మాటకే ఎక్కువ భయం వేసింది.

అదే రోజు, ఇంటికొచ్చాక

వేలు కదిపాడు. తర్వాత కనురెప్ప. తర్వాత దగ్గు. వదిన నన్ను వాటేసుకుని ఏడుస్తుంటే నా కడుపులో బిడ్డ గట్టిగా ఒక తన్ను తన్నింది.

మంగళవారం

నాకేం భయం లేదు. ఏడో నెలలో గుండె ఇలాగే దడదడలాడుతుందట.

గురువారం

అన్నయ్య మాట్లాడుతున్నాడు. గొంతు బొంగురు. వదినను మందులకు పంపించి నాతో మెల్లగా చెప్పాడు.

"నేను మెలకువగానే ఉన్నానే."

"ఎప్పుడు?"

"కుట్లు వేసేశాక. వాళ్ళు పిలుస్తున్నారు. లేవండి, కళ్ళు తెరవండి అంటున్నారు. నేను తెరుస్తూనే ఉన్నాను. రెప్పలు రావట్లేదు. ఊపిరి పీలుద్దామంటే ఛాతీ నాది కాదు. అరుద్దామంటే నాలుక నాది కాదు. ఎవరో 'పోయాడా ఏంటి' అన్నారు. విన్నాను."

నేను మంచం దగ్గరికి జరిగాను.

"అప్పుడు ఆ డాక్టరమ్మ నా చెవి దగ్గరికొచ్చి, 'మీకు వినిపిస్తోందని నాకు తెలుసు, మీ కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. భయపడకండి, మళ్ళీ నిద్రపుచ్చుతున్నాను' అంది. లేకపోతే నాకు పిచ్చెక్కేది."

తర్వాత అన్నయ్య నవ్వాడు. "మా ఆవిడ నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండమంటే ఉండలేకపోయాను చూడు, దేవుడు ఇలా నోరు మూయించాడు" అన్నాడు. వాడు ఎప్పుడూ ఇంతే. నేను నవ్వాననుకుంటా.

శుక్రవారం

పనిలోకి వెళ్ళాను. నా పని పరీక్షగొట్టాలు చూడడం. దీపం ముందు ఒక్కోదాన్నీ తిప్పి చూస్తాను. చీలిక ఉంటే పక్కకి, లేకపోతే డబ్బాలోకి. ఇవాళ ఒక్కటీ సరిగ్గా కనిపించలేదు. సూపర్‌వైజరు "ఇంటికెళ్ళి పడుకో తల్లీ" అన్నాడు.

పడుకుంటే కళ్ళు మూతలు పడతాయి. మూశాక తెరుచుకుంటాయా అని చూస్తూ మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నాను.

ఆదివారం

అన్నయ్య ఇంటికొచ్చాడు. నేనూ మా అత్తగారూ చూడ్డానికి వెళ్ళాం. వీధి వీధంతా అక్కడే ఉంది. వాడు మళ్ళీ అదే కథ చెప్పాడు, ఈసారి గట్టిగా, చేతులు తిప్పుతూ. అందరూ నోళ్ళు తెరుచుకుని వింటున్నారు.

అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో పాలగ్లాసు.

"వినిపించిందా నీకు? మాట్లాడేదంతా?"

"అంతా అత్తా. పక్క గదిలో చెంచా కిందపడ్డా వినిపించింది."

"ఎవరైనా ఏడిస్తే?"

"అన్నీ వినిపిస్తాయి అత్తా. చెయ్యి పట్టుకుంటే కూడా తెలుస్తుంది. కదలడమే కుదరదు."

గ్లాసు అత్తయ్య చేతిలోంచి జారి కింద పడింది. ఆమె వంగి పెంకులు ఏరలేదు. గాజు వీధిలో పుట్టిన మనిషి, పెంకు కనబడితే ముందు వంగి ఏరుతుంది. వాటి మీంచే నడిచి వెళ్ళిపోయింది.

సోమవారం

అత్తయ్య మాట్లాడడం లేదు.

బుధవారం

డాక్టరమ్మ మా ఇంటివాళ్ళందరినీ రక్తం ఇవ్వమంది. అమ్మ తరఫు, నాన్న తరఫు, వీధిలో ఎంతమంది వస్తే అంతమంది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఆపరేషనులో గొట్టం వేసేముందు ఒళ్ళంతా ఒక్కసారి వదులయ్యేలా ఒక మందు ఇస్తారు. మామూలు మనిషి ఒంట్లో ఆ మందును విరిచే ఎంజైమ్ ఉంటుంది, కాసేపట్లో విరిచి పారేస్తుంది. అన్నయ్య ఒంట్లో అది పని చెయ్యదు. అందుకని మందు తనంతట తాను అరిగేదాకా ఊపిరి ఇస్తూ ఉండాలి. ఇస్తే లేస్తాడు. ఆపితే లేవడు.

"ఇది పుట్టుకతో వచ్చేది. అమ్మ దగ్గర్నుంచి ఒకటి, నాన్న దగ్గర్నుంచి ఒకటి, రెండూ అలాంటివే అయితేనే ఇలా ఔతుంది" అంది. తర్వాత నా పొట్టకేసి చూసింది.

నాకు అర్థమైంది. అదే అమ్మా, అదే నాన్నా.

సాయంత్రం అత్తయ్య నోరు విప్పింది. ఇన్ని రోజుల తర్వాత మొదటి మాట. "నువ్వు రక్తం ఇవ్వొద్దు."

గురువారం

ఇచ్చాను. పని మధ్యలో వెళ్ళి ఇచ్చేశాను. ఇంట్లో చెప్పలేదు.

మంగళవారం

స్కానింగ్. మాయ కిందికి ఉందట, దారికి అడ్డంగా. కోసి తియ్యాల్సిందే అన్నారు. ఎప్పుడైనా రక్తం పోవచ్చు, బరువులు ఎత్తొద్దు, ఒంటరిగా ఉండొద్దు అన్నారు.

శుక్రవారం

రెండూ.

నాకు రెండూ అలాంటివే.

శనివారం

డాక్టరమ్మ గోలీలు తెమ్మంది. మా ఫ్యాక్టరీలో పనికిరానివి మూలన బస్తాల్లో ఉంటాయి. తెల్లవీ ఆకుపచ్చవీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళాను. నన్ను మరిపించడానికనుకున్నాను. ఆమె చిన్నపిల్లలా బల్ల మీద పోసేసింది.

తెల్లవి పెద్ద రాశి. అందులో అక్కడక్కడా ఆకుపచ్చవి కలిపింది. "ఇది బయట లోకం. ఆకుపచ్చది మీ అన్నయ్యకున్న జన్యువు. వందల్లో ఒకటి. కళ్ళు మూసుకుని గుప్పెడు తియ్యి."

తీశాను. నా గుప్పిట్లో రెండు ఆకుపచ్చవి వచ్చాయి.

"ఇది మీ పడవ" అంది.

మా ముత్తాతల కాలంలో ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయన ఎక్కడినుంచో నాలుగు కుటుంబాలను పడవలో దింపాడు. పని గుట్టు బయటికి పోకూడదని పిల్లనిచ్చినా తెచ్చుకున్నా వీధిలోనే. ఇప్పటికీ అంతే. మా ఆయన నాకు ఎన్ని వరసల్లో బావవుతాడో మేమిద్దరం ఒకసారి లెక్కేసి, తికమకపడి మానేశాం. ఈ సంగతులు డాక్టరమ్మకు నేనే చెప్పాను.

"ఇక్కణ్ణుంచి పిల్లలు ఈ గుప్పెట్లోంచే తీసుకోవాలి. ఒకరికి ఎనిమిది మంది పిల్లలు, ఒకరికి ఒక్కరూ లేరు. ఒకరు చిన్నప్పుడే పోయారు. అంతా లాటరీ. పెద్ద రాశిలో ఆ తేడా తెలీదు. చిన్న గిన్నెలో తెలుస్తుంది. ఒక్కోసారి ఆకుపచ్చవి మొత్తం పోతాయి, ఒక్కోసారి పెరుగుతూ పోతాయి. ఎందుకంటే ఎందుకూ లేదు."

"చెడ్డదైతే పోవాలి కదా డాక్టరమ్మా? ప్రకృతి ఏరేస్తుందని బళ్ళో చదివాం."

"బతకడానికో పిల్లల్ని కనడానికో అడ్డం వస్తే ఏరేస్తుంది. ఇది దేనికి అడ్డం వచ్చింది? ఆకుపచ్చ గోలీ ఉన్నవాడు మీ అందరిలాగే తింటాడు, గాజు ఊదుతాడు, పిల్లల్ని కంటాడు. ఆ మందు కనిపెట్టేదాకా అది ఉన్నట్టే ఎవరికీ తెలీదు. గోలీ మారలేదమ్మా. లోకమే మారింది."

"ఎవరి తప్పు మరి?"

"ఎవరిదీ కాదు."

ఊరట పడాలి కదా. పడలేదు. ఎవరిదో తప్పైతే వాళ్ళని తిట్టుకుని పడుకోవచ్చు. ఇప్పుడు ఎవర్ని తిట్టను?

ఒక చిన్న కార్డు ఇచ్చింది. ఎక్కడికెళ్ళినా ఇది ముందు చూపించు అంది. రక్తం ఇచ్చినవాళ్ళలో ముగ్గురిలో ఒకరికి కనీసం ఒక ఆకుపచ్చ గోలీ ఉందట. ఇంటికొచ్చి కార్డు ఆయనకీ అత్తయ్యకీ చూపించాను.

ఆదివారం

మా ఆయనతో గోలీలాట ఆడాను. గిన్నెలోంచి చూడకుండా ఒకటి తియ్యడం, అదే రంగుది ఇంకో గిన్నెలో వెయ్యడం, తీసింది మళ్ళీ పాత గిన్నెలో పడెయ్యడం. కొత్త గిన్నె నిండితే ఒక తరం. మొదటి ఆటలో ఆకుపచ్చవి మూడు తరాల్లోనే మాయం. "చూశావా, అనవసరంగా భయపడుతున్నావ్" అని ఆయన నవ్వాడు.

రెండో ఆటలో పెరిగాయి. ఇంకా పెరిగాయి. చివరికి గిన్నెలో ఒక్క తెల్లది లేదు.

"ఇంకోటి ఆడదామా?" అన్నాను.

"వద్దు" అని లేచి బయటికి వెళ్ళాడు.

ఆయన ఇంకా రక్తం ఇవ్వలేదు. వాళ్ళమ్మ వద్దంది.

బుధవారం

వీధి మీటింగు. ఫ్యాక్టరీ మేస్త్రీ ఇంటి ముందు కుర్చీలు వేశారు. డాక్టరమ్మ వచ్చి చెబుదామనుకుంది, మాట్లాడనివ్వలేదు.

"మా రక్తంలో విషముందని ఊరంతా చాటుతారా?" అన్నాడు మేస్త్రీ. "మా తాత రక్తం తాగిన దోమ నూరేళ్ళు బతికింది తెలుసా?" అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. రేపు మా పిల్లల్ని ఎవరు చేసుకుంటారు అని ఒకరు. ఫ్యాక్టరీవాళ్ళు పనిలోంచి తీసేస్తే అని ఒకరు. మందు ఎక్కువ పోసి ఇప్పుడు నేరం మా మీదికి తోస్తున్నారు, అప్పుడూ ఇదే చేశారు అని ఒకరు.

అప్పుడూ అనగానే అందరూ అత్తయ్య వైపు చూశారు. ఆమె లేచి నిలబడింది. ఇంకేదో అంటుందనుకున్నాను.

"రక్తంలో ఏమీ లేదు" అంది. "నా మొగుణ్ణి డాక్టరే చంపాడు."

డాక్టరమ్మ వెళ్ళిపోతుంటే ఎవరో రాయి విసిరారు. తగల్లేదు. ఆమె వెనక్కి తిరిగి చూసింది, కోపంగా కాదు, ఎవరు విసిరారో గుర్తుపెట్టుకోవడానికీ కాదు. నా కోసం వెతికింది. నేను తల దించుకున్నాను.

గురువారం

అత్తయ్య పాత మంత్రసానిని తీసుకొచ్చింది. ఇంట్లోనే కానిచ్చేద్దాం, కోతలూ వద్దు, మందులూ వద్దు అంటోంది. మాయ అడ్డంగా ఉంది అత్తయ్యా అంటే, నన్నుగన్నమ్మకీ అలాగే ఉందిలే అంటోంది. మంత్రసాని నా పొట్ట తడిమి, చెయ్యి వెనక్కి తీసేసుకుంది. "ఇది నా వల్ల కాదొదినా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నేనంటే అత్తయ్యకి పెద్దగా పడదని తెలుసు. మరీ ఇంతనా?

లేదు. ఊరికే రాశాను. ఆమె అలాంటిది కాదు.

శుక్రవారం

తలుపు లోపల్నుంచి గడియ పెట్టుకుని పడుకున్నాను.

ఆదివారం

ఇవాళ ఆయన చెప్పాడు. నేను అడగలేదు. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వెనక నిలబడి, తీగ మీద దుప్పటికి అటువైపు నుంచి చెప్పాడు. మొహం కనిపించలేదు.

"నాన్న ఆపరేషన్ గది తలుపు దగ్గర నేనున్నాను. నాకు ఐదేళ్ళు ఉంటాయేమో. అప్పట్లో మెషిన్లు లేవు. ఆ డాక్టరు నల్లటి రబ్బరు సంచి పిసుకుతున్నాడు. పిసికినప్పుడల్లా నాన్న ఛాతీ లేచేది. నాకు అదేదో ఆటలా ఉంది. పొద్దుటి నుంచీ పిసుకుతూనే ఉన్నాడు. చొక్కా అంతా తడిసిపోయింది. బయట జనం పెరిగారు. పోయాడు, పోయినవాడికి గాలి కొడుతున్నాడు, మనల్ని మభ్యపెడుతున్నాడు అన్నారెవరో. అందరూ లోపలికి తోసుకెళ్ళారు."

"తర్వాత?"

"'గుండె కొట్టుకుంటోంది, ఇంకాసేపు ఆగండి, ఇంకాసేపు' అని అరుస్తున్నాడాయన. ముందు అమ్మే వెళ్ళింది. ఆయన చెయ్యి పట్టుకుని లాగింది. సంచి కింద పడింది."

గాలికి దుప్పటి కదిలింది.

"ఆయన్ని బాగా కొట్టారు. మళ్ళీ ఆ ఊళ్ళో కనిపించలేదు. నాన్న ఛాతీ కూడా మళ్ళీ లేవలేదు."

నా చేతిలో తడి బట్ట అలాగే ఉండిపోయింది. అన్నయ్య ఇంట్లో ఆమె అడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మాట్లాడేది వినిపించిందా? ఎవరైనా ఏడిస్తే?

"అమ్మకి చెప్పకు. నాన్న అప్పటికి బతికే ఉన్నాడని ఆమెకి తెలీదు" అన్నాడు.

"తెలుసు" అన్నాను. "మీ అందరికంటే ముందు ఆమెకే తెలిసింది."

సోమవారం

అత్తయ్య కూరలు తరుగుతుంటే ఎదురుగా కూర్చున్నాను. అడగాలనుకున్నాను. ఆమె చేతులు చూశాను. అడగలేదు. రక్తంలో ఉందని ఒప్పుకుంటే మామగారు అప్పటికి బతికే ఉన్నట్టు. బతికి ఉండి, వింటూ ఉన్నట్టు. ఆ మాట ఆమె చేత ఎవరు అనిపించగలరు? నా ప్రాణం కోసం నేను అనిపించగలనా?

నాకేం భయం లేదు. కార్డు ఉంది. డాక్టరమ్మ ఉంది. తేదీ కూడా పెట్టేసింది. అంతా సవ్యంగా జరుగుతుంది.

(తేదీ తెలీదు)

బతికే ఉన్నాను. ఇవాళ్టికి ఇంతే.

ఆదివారం

ఇప్పుడు కూర్చోగలుగుతున్నాను. మర్చిపోకముందే రాయాలి. మర్చిపోతానని కాదు.

మంగళవారం పొద్దున స్నానాలగదిలో కాళ్ళ వెంట వెచ్చగా పారింది. కిందికి చూశాక గోడ పట్టుకున్నాను. నొప్పి లేదు. నొప్పి లేకుండా అంత రక్తం. ఆయన కొలిమి దగ్గర ఉన్నాడు. ఇంట్లో అత్తయ్య ఒక్కతే. నా కేక విని వచ్చింది, చూసింది, తన చీరొకటి ఉండచుట్టి నా కాళ్ళ మధ్య పెట్టి వీధిలోకి పరుగెత్తింది. ఫ్యాక్టరీ వ్యాను దొరికింది.

మా డాక్టరమ్మ ఆసుపత్రి దూరం. డ్రైవరు నా మొహం చూసి పెద్ద రోడ్డు మీదున్న వేరే ఆసుపత్రికి తిప్పేశాడు. కార్డు నా పని బల్ల సొరుగులో ఉండిపోయింది. ఎప్పుడూ దగ్గరుంచుకోమంది. పోగొట్టుకుంటానని భద్రంగా దాచాను.

వ్యానులో అత్తయ్య నా తల ఒళ్ళో పెట్టుకుంది. "అత్తయ్యా, ఆ మందు" అన్నాను. "మాట్లాడకు" అంది. మళ్ళీ అన్నాను. "మాట్లాడకే, ఓపిక పోతుంది" అంది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఈవిడ చెప్పదు అనుకున్నాను. ఇది నాకు స్పష్టంగా గుర్తుంది. ఈవిడ చెప్పదు, నేను పోతాను, వింటూ పోతాను.

స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. పైన లైట్లు వెనక్కి పోతున్నాయి. అంతా పరుగులు. మత్తు ఇచ్చే డాక్టరు కుర్రవాడు, మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "నడుముకి సూది ఇచ్చే టైము లేదు, పూర్తి మత్తే" అన్నాడు. నేను చెప్పడానికి నోరు తెరిచాను. పెదాలు ఆడుతున్నాయి కానీ మాట రావట్లేదు. నర్సు "ఊరుకోమ్మా, ఏం కాదు" అని నా చెయ్యి తట్టింది.

తలుపు దగ్గర స్ట్రెచరు ఆగింది. అత్తయ్య ఆ డాక్టరు చెయ్యి పట్టుకుంది.

"బాబూ, ఒళ్ళు వదులు చేసే మందు ఒకటుంటుంది. అది ఇవ్వొద్దు. మా రక్తానికి అది పడదు."

"అమ్మా, వదలండి, టైము లేదు."

"రక్తంలో ఉంది బాబూ. పరీక్ష చేశారు. దీని అన్నకి ఉంది, దీనికీ ఉంది. నా మొగుడికీ ఉంది." ఆమె గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఆయనకి అదే ఇచ్చారు. ఆయన చచ్చిపోలేదు. డాక్టరు ఊపిరి ఇస్తుంటే నేనే లాగేశాను. నా ఈ చేత్తోనే లాగేశాను."

అతను ఆగిపోయాడు. "ఎవరికైనా గంటల తరబడి ఊపిరి రాలేదా?" అని అడిగాడు. "దీని అన్నకి" అంది. అతను లోపలికి తిరిగి ఎవరితోనో, "అది వద్దు, రెండోది తియ్యండి" అన్నాడు.

అత్తయ్య ఇంకా చెయ్యి వదల్లేదు.

"ఇది లేవకపోయినా ఆపకు బాబూ. రేపటిదాకా లేవకపోయినా ఆపకు. ఎవరినీ లోపలికి రానివ్వను. నేనూ రాను. ఇక్కడే ఈ తలుపుకి అడ్డంగా కూర్చుంటాను."

తర్వాత తలుపు మూసుకుంది.

కళ్ళు తెరవబోతే తెరుచుకున్నాయి. నాకు గుర్తున్న మొదటి సంతోషం అదే, బిడ్డ కాదు.

బుధవారం

ఆడపిల్ల. ముందే వచ్చేసింది కాబట్టి చిన్నగా ఉంది. అన్నయ్య చూసి "గొంతు నాదే, ఊదుడు పనికి పనికొస్తుంది" అన్నాడు. అది పోలిక గురించిన మాటే. కానీ నేను ఉలిక్కిపడ్డాను. నాకు రెండూ అవే కాబట్టి దానికి ఒకటి ఖాయంగా వచ్చింది. రెండోది వాళ్ళ నాన్న ఇవ్వాలి.

ఆయన అడక్కుండానే వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాడు.

మంగళవారం

ఆయనకి ఒకటి ఉంది. పాపకి సగానికి సగం అవకాశం. ఇంకొంచెం పెద్దదయ్యాక పరీక్ష చేస్తారట. అప్పటిదాకా ఈ పాల వాసన చూస్తూ ఆకుపచ్చా తెలుపా అనుకుంటూ ఉండాలి.

శనివారం

అత్తయ్య కుళాయి దగ్గర చెప్పేసింది. బిందె కింద పెట్టి, ఉన్నవాళ్ళందరికీ వినపడేలా. ఆసుపత్రి తలుపు దగ్గర అన్న మాటలే. ఎవరూ అడగలేదు, ఆమే చెప్పింది. మేస్త్రీ కూడా ఉన్నాడు. అప్పుడు లోపలికి తోసుకెళ్ళినవాళ్ళలో మేస్త్రీ ఒకడట. అతను బిందె నింపుకోకుండానే వెళ్ళిపోయాడు.

సోమవారం

మేస్త్రీ కొడుకులిద్దరినీ తీసుకుని రక్తం ఇవ్వడానికి వెళ్ళాడు. అతని వెనక మిగతావాళ్ళు. డాక్టరమ్మకి చాలినన్ని కుర్చీలు లేవట, మా వాళ్ళే మోసుకెళ్ళారు.

గురువారం

అత్తయ్య డాక్టరమ్మను అడిగింది. "ఆయన ఎక్కడున్నారు?" ఎవరని డాక్టరమ్మ అడగలేదు. వాకబు చేసి చెప్పింది. వేరే ఊళ్ళో ఉన్నారట. మత్తు ఇవ్వడం అప్పుడే మానేశారట. చిన్న మందుల షాపు పెట్టుకున్నారట.

ఆదివారం

మా ఆయనా అత్తయ్యా పొద్దున్నే బస్సుకి వెళ్ళారు. నేను పాపతో కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆ డాక్టరు తిడతారా? వెళ్ళగొడతారా? నాకైతే వెళ్ళగొడితేనే నయమనిపించింది. ఏమీ అనకుండా అలా చూస్తే ఆమె తట్టుకోలేదు.

ఎండ తగ్గకముందే వచ్చేశారు. అత్తయ్య కాళ్ళు కడుక్కుని వచ్చి నా చేతుల్లోంచి పాపను తీసుకుంది. ఆమె మొహంలో ఏదో మారింది. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ నేను చూసిన మొహం కాదు.

"ముసలాడైపోయాడే. చెయ్యి సరిగ్గా లేవదు. అప్పుడు విరిచింది మనవాళ్ళే. నేను ఎవరో చెప్పాను. కూర్చోమన్నాడు. మంచినీళ్ళు ఇచ్చాడు."

"ఏమన్నారు?"

"'నీ తప్పేం లేదమ్మా' అన్నాడు. 'అప్పటికే గుండె ఆగిపోయింది. మీరు గొడవ చేస్తారని భయపడి ఊరికే సంచి పిసుకుతూ కూర్చున్నాను. మీరు రాకముందే ఆయన పోయాడు' అన్నాడు. మీ మామగారు ఏమీ వినలేదటే. ఏమీ తెలీలేదట ఆయనకి."

పాపను భుజాన వేసుకుని లోపలికి వెళ్ళింది. ఏదో కూనిరాగం తీస్తోంది.

మా ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"అప్పుడు గుండె కొట్టుకుంటోందని అరిచాడు" అన్నాడు మెల్లగా. "నేను విన్నాను."

"ఊఁ."

"ఇవాళ అమ్మ మొహం చూసి ఒక్క క్షణం ఆలోచించాడు. నేను చూస్తూనే ఉన్నాను. తర్వాత ఆ మాటన్నాడు. వస్తూ వస్తూ ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. నా తల మీద చెయ్యి పెట్టి, 'అప్పుడు తలుపు దగ్గరున్న పిల్లాడివి నువ్వేనా' అన్నాడు. అవునన్నాను. 'చిన్నపిల్లలకి సరిగ్గా వినపడదు' అన్నాడు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఏం చెయ్యమంటావ్ అన్నట్టు చూశాడు. ఏం చెయ్యమంటాను? చిన్నపిల్లవాడు, అంత గొడవలో తప్పు విని ఉండొచ్చు. అలాగే అనుకుందాం అన్నాను.

రాస్తుండగా లోపల పాప ఏడ్చింది. అత్తయ్య లేవలేదు. చీమ చిటుక్కుమంటే లేచే మనిషి. పక్క గదిలోకి పరుగెత్తాను. పాపను ఎత్తుకోకముందు అత్తయ్య ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూశాను.

నిద్రపోతోంది. అంతే. ఒట్టి నిద్ర.